స్పాట్‌లైట్ పెట్టినా నేల చీకటిగానే ఉంది: తప్పు ఎక్కడ వెతకాలి?

మీరు రాసింది క్లుప్తంగా ఇదీ. ఓపెన్‌జీఎల్‌లో (3డీ బొమ్మలు గీసే లైబ్రరీ) గ్లట్ (విండో తెరిచి కీలు అందుకునే సహాయక లైబ్రరీ) వాడి ఒక గది గీశారు. నేల ఒకే ఒక్క క్వాడ్ (నాలుగు మూలల పలక), అటూ ఇటూ మైనస్ 10 నుంచి 10 దాకా. నేల నడిమధ్యకు సరిగ్గా 8 యూనిట్ల ఎత్తులో స్పాట్‌లైట్, నిట్టనిలువుగా కిందికి. కటాఫ్, అంటే వెలుగు కోన్ ఎంత వెడల్పో చెప్పే కోణం, 20 పెడితే నేల చీకటి. 30 పెట్టినా, 45 పెట్టినా అంతే. 70 పెట్టగానే నేలంతా ఒక్కసారిగా తెల్లబడింది, గుండ్రటి వెలుగు మాత్రం రాలేదు. ఆ తర్వాత బాణం కీలతో కెమెరా తిప్పితే లైటు కూడా వెంట వస్తోంది. ఎవరో షేడర్లకు (వెలుగు లెక్కను మనమే రాసి గ్రాఫిక్స్ కార్డుకు ఇచ్చే చిన్న ప్రోగ్రాములకు) మారమంటే మారారు. అక్కడ లోపలి కోణం (అక్కడిదాకా నిండు వెలుగు) 12.5, బయటి కోణం (అక్కడికి వెలుగు సున్నా) 17.5 ఇచ్చినా గుండ్రం రాకుండా నేలంతా మసక వెలుగే వచ్చింది. టేబుల్ కింద నీడ ఎందుకు పడటం లేదని కూడా అడిగారు.

ముందు టెన్షన్ తీసే మాట ఒకటి. మీ మొదటి ప్రోగ్రామ్‌లో లైటు సరిగ్గానే ఉంది. స్థానం సరిగ్గా ఉంది, దిశ సరిగ్గా ఉంది, కటాఫ్ 20 కూడా సరైనదే. తేడా వచ్చింది నేల దగ్గర.

పాత ఓపెన్‌జీఎల్, అంటే షేడర్లు లేకుండా జీఎల్‌బిగిన్, జీఎల్‌ఎండ్ మధ్య గీసే పద్ధతి, వెలుగును ప్రతి పిక్సెల్ దగ్గరా లెక్కకట్టదు. వర్టెక్సుల (ఆకారం మూల బిందువుల) దగ్గర మాత్రమే కడుతుంది. వచ్చిన రంగులను మధ్యలో పిక్సెళ్లకు పంచిపెడుతుంది. 1971లో ఆన్రీ గురో చూపించిన పద్ధతి ఇది. పిక్సెల్ పిక్సెల్‌కూ నార్మల్‌ను (తలం ఎటు చూస్తోందో చెప్పే దిశను) లెక్కకట్టే పద్ధతిని యూటా విశ్వవిద్యాలయంలోనే పనిచేసిన బుయ్ తుయాంగ్ ఫాంగ్ 1975లో ప్రచురించాడు, కానీ అది ఖరీదైన లెక్క. 1992లో ఓపెన్‌జీఎల్ వచ్చేనాటికి యంత్రాలకు అంత ఓపిక లేదు, కాబట్టి గురో పద్ధతే అందులో స్థిరపడింది. మీ నేలకు వర్టెక్సులు నాలుగే, నాలుగూ మూలల్లోనే. మీ లైటు చూస్తున్నది నడిమధ్యకు. అక్కడ వర్టెక్స్ ఒక్కటీ లేదు.

లెక్క కడితే మీరు చూసినవన్నీ ఒక్కొక్కటిగా అర్థమవుతాయి. మూల నుంచి నేల మధ్యకు దూరం 14.14 యూనిట్లు. లైటు ఎత్తు 8. లైటు నుంచి మూలకు గీత గీస్తే, నిలువు గీతతో అది చేసే కోణం 60.5 డిగ్రీలు. కటాఫ్ 20 అయినా, 45 అయినా ఈ కోణం దానికంటే ఎక్కువే. అంటే నాలుగు మూలలూ వెలుగుకు బయటే ఉన్నాయి, నాలుగింటికీ చీకటే వస్తుంది, మధ్యలో పంచేదీ ఆ చీకటే. కటాఫ్ 70 చేసేసరికి 60.5 అనేది లోపలికి వచ్చేసింది. నాలుగు మూలలూ ఒకేసారి వెలిగాయి. అవి లైటుకు సమాన దూరంలో ఉన్నాయి కాబట్టి నాలుగింటికీ ఒకే విలువ, నేలంతా కూడా అదే విలువ. మీ స్క్రీన్ మీద లైటు కింద ఎక్కువ, మూలల్లో తక్కువ అన్న తేడా లేకుండా, చదునుగా ఒకే రంగు కనిపించి ఉండాలి. ఒకసారి చూడండి. అలాగే ఉంటే ఈ భాగంలో ఇంకేమీ వెతకనక్కర్లేదు.

చేయాల్సిందల్లా నేలను ముక్కలు చేయడం. రెండు ఫర్ లూపులు రాసి 20కి 20 నేలను చిన్న చిన్న చదరాలుగా గీయండి. కటాఫ్ 20 అయితే నేల మీద పడాల్సిన గుండ్రం వ్యాసార్థం 2.9 యూనిట్లు. ఒక్కో చదరం 1 యూనిట్ ఉంటే ఆ గుండ్రానికి అడ్డంగా ఆరే చదరాలు పడతాయి, అంచు రంపపు పళ్లలా వస్తుంది. చదరం 0.2 యూనిట్లు చేస్తే అడ్డంగా 29 పడతాయి, చూడటానికి బాగుంటుంది. అప్పుడు మొత్తం 10,000 చదరాలవుతాయి. ఇప్పటి ల్యాప్‌టాప్‌కు అదొక లెక్క కాదు. ప్రతి ఫ్రేములోనూ ఒక్కొక్కటీ పంపడం బరువనిపిస్తే ఒక డిస్‌ప్లే లిస్టులో (గీసే ఆదేశాలను ఒకసారి దాచి మళ్లీ మళ్లీ వాడుకునే జాబితాలో) పెట్టేయండి. గోడలకూ ఇదే వర్తిస్తుంది. నేలను మాత్రమే ముక్కలు చేసి గోడలను వదిలేస్తే, రేపు లైటును గోడ వైపు తిప్పినప్పుడు మళ్లీ ఇదే చీకటి వస్తుంది.

ముక్కలు చేశాక అంచు కత్తిరించినట్టు గట్టిగా కనిపిస్తుంది. దానికి స్పాట్ ఎక్స్‌పోనెంట్ ఉంది, 0 నుంచి 128 దాకా ఇవ్వొచ్చు, ఏమీ ఇవ్వకపోతే 0. అక్షం నుంచి పక్కకు జరిగిన కోణం కొసైన్‌ను ఈ ఘాతానికి పెంచి వెలుగును దానితో గుణిస్తారు. 20 డిగ్రీల కొసైన్ 0.94. ఎక్స్‌పోనెంట్ 0 అయితే ఆ గుణకం అంచు దగ్గరా 1 గానే ఉండి, అంచు దాటగానే సున్నా అవుతుంది. 30 ఇస్తే అంచు దగ్గర సుమారు 15 శాతమే మిగులుతుంది, కాబట్టి వెలుగు మెల్లగా చీకట్లో కలుస్తుంది. 128 ఇస్తే అంచు చేరకముందే వెలుగు చచ్చిపోతుంది, కటాఫ్ ఎంత ఉన్నా గుండ్రం చిన్నదిగా కనిపిస్తుంది. కటాఫ్ పెంచుతున్నా గుండ్రం పెరగడం లేదని తల బద్దలు కొట్టుకునేవాళ్లు ముందు ఎక్స్‌పోనెంట్ ఎంత పెట్టారో చూసుకోవాలి. దిశ, కోన్, వెలుగు మధ్యకు ఎంత గుమిగూడాలన్నది ఇచ్చి లైటును అదుపు చేసే ఈ ఆలోచనను 1983లో జనరల్ మోటార్స్ పరిశోధనశాలలో డేవిడ్ వార్న్ ప్రచురించాడు. ఫొటో స్టూడియోల్లో లైట్లను సర్దే తీరు దానికి మూలం. అందుకే ఇందులోని గుణకాలు భౌతికశాస్త్రం నుంచి పుట్టినవి కావు, కంటికి నచ్చేలా సర్దుకోవడానికి ఉన్నవి. విలువలు మార్చి చూసి నచ్చింది ఉంచుకోవడంలో తప్పేమీ లేదు, కానీ అది లైటు సరిగ్గా పడ్డాక చేయాల్సిన పని.

కటాఫ్ గురించి ఇంకొక్క మాట. అది కోన్ మొత్తం కోణం కాదు, అక్షం నుంచి అంచు దాకా ఉండే సగం కోణం. 20 ఇస్తే కోన్ మొత్తం 40 డిగ్రీలు. 0 నుంచి 90 దాకా ఏదైనా ఇవ్వొచ్చు, లేదంటే 180 ఇవ్వొచ్చు. 180 అంటే స్పాట్ కాదు, అన్ని వైపులా వెలిగే మామూలు బల్బు. ఏమీ ఇవ్వకపోతే ఉండేది కూడా అదే. మొత్తం కోణం అనుకుని 120 ఇచ్చారనుకోండి, ఓపెన్‌జీఎల్ ఆ పిలుపును పక్కన పడేసి పాత విలువనే ఉంచుకుంటుంది. స్క్రీన్ మీద ఏ సందేశమూ రాదు. జీఎల్‌గెట్‌ఎర్రర్ పిలిచి చూస్తేనే తప్పు విలువ ఇచ్చారని తెలుస్తుంది. నేర్చుకునే రోజుల్లో ప్రతి ఫ్రేము చివర ఆ పిలుపు ఒకటి పెట్టి, సున్నా కాకపోతే ప్రింట్ చేయండి. ఎన్నో గంటలు మిగులుతాయి.

స్థానంలో నాలుగో అంకె కూడా చూడండి. మీరు 1 ఇచ్చారు, సరిపోయింది. అక్కడ 0 ఇస్తే అది స్థానం కాకుండా దిశ అయిపోతుంది, సూర్యుడిలా అనంత దూరంలో ఉన్న లైటు అవుతుంది. అప్పుడు ప్రతి వర్టెక్స్ నుంచీ లైటు ఒకే వైపున ఉన్నట్టు లెక్క, కాబట్టి కోణం కూడా అన్నిటికీ ఒకటే. ఇక గుండ్రం ఎక్కడి నుంచి వస్తుంది? తమాషా ఏమిటంటే ఓపెన్‌జీఎల్ లైటుకు ఏమీ ఇవ్వకపోతే ఉండే స్థానంలో నాలుగో అంకె 0యే. ఇంకొకటి: లైట్ 0కు తెలుపు రంగు ముందే ఉంటుంది. లైట్ 1 నుంచి పైవాటికి మొదట ఉండేది నలుపు. రెండో స్పాట్‌లైట్ పెట్టినప్పుడు దాని డిఫ్యూజ్ రంగు (తలం మీద పడి అన్ని వైపులా చెదిరే వెలుగు రంగు) మీరే ఇవ్వాలి, లేకపోతే ఎనేబుల్ చేసినా అది నల్లటి వెలుగే ఇస్తుంది.

ఇక కెమెరాతో పాటు లైటు కదలడం. మీరు పంపిన కోడ్‌లో ఇనిట్ ఫంక్షన్‌లో ఒకసారి గ్లూలుక్‌యాట్ (కెమెరా ఎక్కడుండి ఎటు చూడాలో చెప్పే ఫంక్షన్) పిలిచి, దాని వెంటే లైటు స్థానం, దిశ ఇచ్చారు. ప్రతి ఫ్రేముకూ నడిచే డిస్‌ప్లే ఫంక్షన్‌లో మళ్లీ లోడ్ ఐడెంటిటీ (మ్యాట్రిక్స్‌ను మొదటి స్థితికి తెచ్చే పిలుపు), మళ్లీ గ్లూలుక్‌యాట్, ఆ తర్వాత గది. లైటు ఊసే లేదు. చిక్కంతా అక్కడే ఉంది. స్థానం ఇచ్చిన క్షణాన మోడల్‌వ్యూ మ్యాట్రిక్స్ (వస్తువులు కెమెరాకు ఎటు, ఎంత దూరంలో ఉండాలో చెప్పే అంకెల పట్టిక) ఏముందో దానితో గుణించి, వచ్చిన ఫలితాన్ని కెమెరా కో-ఆర్డినేట్లలో ఓపెన్‌జీఎల్ దాచుకుంటుంది. మీరు ఇచ్చిన 0, 8, 0 అన్న అంకెలు ఆ తర్వాత దానికి గుర్తుండవు. కెమెరాకు కుడివైపు ఇంత, ముందు ఇంత అని మాత్రమే గుర్తుంటుంది. కెమెరా తిరిగితే కుడి, ముందు రెండూ తిరుగుతాయి, లైటు కూడా వాటితో పాటే పోతుంది.

గదిలో కదలకుండా ఉండాలంటే ప్రతి ఫ్రేములోనూ గ్లూలుక్‌యాట్ తర్వాత, గది గీయకముందు లైటు స్థానం ఇవ్వండి. దిశ కూడా అక్కడే ఇవ్వండి. ఈ రెండో సంగతి చాలామంది మరిచిపోతారు. దిశ కూడా అదే మ్యాట్రిక్స్‌తో తిరుగుతుంది, కాకపోతే జరుపుడు భాగం దానికి తగలదు, తిప్పుడు భాగమే తగులుతుంది. స్థానం డిస్‌ప్లేలో, దిశ ఇనిట్‌లో ఉంటే సగమే బాగవుతుంది. లైటు కదలదు, కెమెరా తిప్పినప్పుడల్లా వెలుగు గుండ్రం మాత్రం నేల మీద జారుతూ ఉంటుంది. అలా జారితే దిశ పిలుపు ఎక్కడుందో చూడాలి. కారు హెడ్‌లైటులా, చేతి టార్చిలా కెమెరాతోనే రావాలంటే మాత్రం తలకిందులు చేయండి: లోడ్ ఐడెంటిటీ తర్వాత, గ్లూలుక్‌యాట్‌కు ముందు, స్థానం 0, 0, 0, 1, దిశ 0, 0, మైనస్ 1. గదిలో ఊగే లైటు కావాలంటే పుష్ మ్యాట్రిక్స్ చేసి (ఉన్న మ్యాట్రిక్స్‌ను దాచి), జరిపి, తిప్పి, అక్కడ లైటు ఇచ్చి, పాప్ చేయాలి (దాచినదాన్ని తిరిగి తేవాలి). అన్నిటికీ సూత్రం ఒక్కటే, పిలిచిన క్షణాన ఉన్న మ్యాట్రిక్స్ ఏదైతే అదే వర్తిస్తుంది. గ్లూలుక్‌యాట్‌ను ప్రొజెక్షన్ మ్యాట్రిక్స్‌లో (3డీ దృశ్యాన్ని తెర మీదికి మార్చే పట్టికలో) పిలిచిన కోడ్ కూడా కొన్నిచోట్ల కనిపిస్తుంది. బొమ్మ బాగానే వస్తుంది, కెమెరా ఎక్కడుందన్న లెక్క మాత్రం లైటింగుకు అందదు, స్పెక్యులర్ మెరుపులు ఉండాల్సిన చోట ఉండవు. మీది అలా లేదు, ఉంచకండి కూడా.

ఇప్పుడు నాకు ముఖ్యమనిపించే మాట. లైటు రాకపోతే గుడ్డెద్దు చేలో పడ్డట్టు కటాఫ్ ఒకసారి, ఎత్తు ఒకసారి, రంగు ఒకసారి మార్చుకుంటూ పోవద్దు. మీరు 20, 30, 45, 70 అంటూ వెళ్లారు. 70 దగ్గర ఏదో వెలిగింది, కానీ ఎందుకు వెలిగిందో తెలియలేదు. బొమ్మనే ప్రశ్న అడగండి. మొదట కటాఫ్ 180 పెట్టండి. అప్పుడు కూడా చీకటైతే తప్పు స్పాట్‌ది కాదు. లైటింగ్ ఎనేబుల్ కాలేదేమో, ఆ లైటు ఎనేబుల్ కాలేదేమో, నార్మల్స్ తప్పేమో. 180తో వెలిగి 20తో ఆరిపోతే అప్పుడు దిశ, కోణం, ముక్కలు చూడాలి. ఈ ఒక్క పరీక్షతో వెతకాల్సిన చోటు సగానికి తగ్గుతుంది.

రెండో పరీక్ష: లైటింగ్ డిసేబుల్ చేసి, లైటు ఉన్నచోట ఒక చిన్న పసుపు గోళం గీయండి. అక్కడి నుంచి దిశ వెంబడి 8 యూనిట్ల పొడవు గీత ఒకటి గీయండి. తర్వాత మళ్లీ లైటింగ్ ఎనేబుల్ చేయండి. గోళానికీ, గీతకూ, లైటుకూ ఒకే వేరియబుల్స్ వాడాలి. అంకెలు వేరేగా మళ్లీ టైపు చేస్తే పరీక్షకు అర్థం లేదు. గీత నేలను తాకిన చోటే వెలుగు ఉండాలి. గీత పైకప్పు వైపు పోతోందంటే దిశలో గుర్తు తప్పు. చాలామంది దిశ అన్నచోట లైటు చూడాల్సిన బిందువు కో-ఆర్డినేట్లు ఇచ్చేస్తారు. 5, 0, 5 అన్న బిందువును చూడాలని అవే మూడు అంకెలు దిశగా ఇస్తే లైటు అడ్డంగా గోడ వైపు చూస్తుంది. ఆ బిందువులోంచి లైటు స్థానాన్ని తీసేస్తే వచ్చేదే దిశ.

నార్మల్స్ సంగతి త్వరగా చెప్పేస్తాను. నేలకు నార్మల్ 0, 1, 0 ఇవ్వాలి. అసలు ఇవ్వకపోతే మొదట ఉండేది 0, 0, 1. అంటే నేల మీ వైపు నిలబడిన గోడ అనుకుంటుంది ఓపెన్‌జీఎల్. ముక్కలు చేసిన నేల మీద అది ఎలా కనిపిస్తుందో చెప్పనా? గుండ్రంలో సగం మాత్రమే, అర్ధచంద్రంలా వెలుగుతుంది. సరిగ్గా లైటు కింద చీకటిగా ఉండి, దూరం పోయేకొద్దీ వెలుగు పెరుగుతుంది. అలా కనిపిస్తే ఇంకేమీ చూడకుండా నార్మల్స్ దగ్గరికి వెళ్లిపోవచ్చు. వస్తువును జీఎల్‌స్కేల్‌తో పదింతలు పెద్దది చేస్తే దాని నార్మల్స్ పదో వంతుకు కుదించుకుపోతాయి, వస్తువు మసకబారుతుంది. చిన్నది చేస్తే తెల్లగా పేలిపోతుంది. నార్మలైజ్ అన్నదాన్ని ఎనేబుల్ చేస్తే చాలు. మీ నేల ఎరుపు రంగు పోయి బూడిద రంగు వచ్చిందన్నారు. లైటింగ్ ఎనేబుల్ అయ్యాక జీఎల్‌కలర్‌ను ఎవరూ పట్టించుకోరు, మెటీరియల్ రంగే చెల్లుతుంది. కలర్ మెటీరియల్ ఎనేబుల్ చేయండి, ఎరుపు తిరిగొస్తుంది.

మీ షేడర్ ప్రోగ్రామ్ దగ్గరికి వద్దాం. ఇక్కడ వెలుగు లెక్క ఫ్రాగ్మెంట్ షేడర్‌లో, అంటే ప్రతి ఫ్రాగ్మెంట్‌కూ (దాదాపు ప్రతి పిక్సెల్‌కూ) నడిచే షేడర్‌లో, రాశారు కాబట్టి నేల ఒకే క్వాడ్ అయినా ఫరవాలేదు. తప్పు ఒక్క లైనులో ఉంది. కొసైన్ ఫంక్షన్‌కు 12.5, 17.5 నేరుగా ఇచ్చారు. దానికి కావలసింది రేడియన్లు, మీరు ఇచ్చింది డిగ్రీలు. కంపైలర్‌కు రెండూ అంకెలే, నోరెత్తదు. 12.5 రేడియన్లంటే రెండు పూర్తి చుట్లకు కొంచెం తక్కువ, ఎందుకంటే రెండు చుట్లు 12.566. అందుకే దాని కొసైన్ 0.998 వచ్చింది, అది 3.8 డిగ్రీల కోణానికి సమానం. 17.5 రేడియన్ల కొసైన్ 0.22, అది 77 డిగ్రీలు. అంటే మీ లోపలి కోన్ సూదిలా సన్నం, బయటి కోన్ నేలంతా మింగేసేంత వెడల్పు. మూలలు 60.5 డిగ్రీల దగ్గరున్నాయి కదా, అవీ బయటి కోన్ లోపలే పడ్డాయి, మూడో వంతు తీవ్రతతో. మీరు చూసిన మసక వెలుగు అదే. 10 అన్న అంకె ఇచ్చి ఉంటే ఇంకా వింతగా ఉండేది, కొసైన్ మైనస్ 0.84 వచ్చి లైటు వెనక్కి కూడా వెలిగేది.

రేడియన్స్ ఫంక్షన్‌తో మార్చి ఇవ్వండి. అప్పుడు లోపలి కొసైన్ 0.976, బయటిది 0.954 వస్తాయి. నేల మీద 1.8 యూనిట్ల వ్యాసార్థం దాకా నిండు వెలుగు, 2.5 దగ్గరికి వచ్చేసరికి సున్నా. ఈ రెండు అంకెలను ఒకసారి ప్రింట్ చేసి కళ్లతో చూసుకోండి. కోణం పెరిగితే కొసైన్ తగ్గుతుంది. కోణాలను పోలుస్తున్నామని మనసులో అనుకుంటూ కొసైన్లను పోలిస్తే గుర్తు తిరగబడుతుంది. ఫ్రాగ్మెంట్ లోపల ఉందంటే దాని కొసైన్ (లైటు అక్షం నుంచి అది ఉన్న కోణం కొసైన్) కటాఫ్ కొసైన్ కంటే ఎక్కువ ఉండాలి. మెత్తటి అంచు కోసం ఫ్రాగ్మెంట్ కొసైన్‌లోంచి బయటి కొసైన్ తీసేసి, లోపలి, బయటి కొసైన్ల తేడాతో భాగించి, 0 నుంచి 1 మధ్యకు క్లాంప్ చేస్తాం (ఆ హద్దులు దాటకుండా ఆపుతాం). ఇందులో లోపలిదీ బయటిదీ తారుమారైతే తేడా రుణమై, బొమ్మ మొత్తం తిరగబడుతుంది: గుండ్రం నల్లగా, చుట్టూ వెలుగు. రెండూ ఒకటే ఇస్తే సున్నాతో భాగించినట్టు. స్మూత్‌స్టెప్ (రెండు అంచుల మధ్య 0 నుంచి 1కి నునుపుగా పెరిగే ఫంక్షన్) వాడినా మొదటి అంచు రెండోదానికంటే చిన్నదిగానే ఉండాలి, లేకపోతే ఏ ఫలితం వస్తుందన్న హామీ లేదు. ఒక గ్రాఫిక్స్ కార్డు మీద బాగా కనిపించి ఇంకోదాని మీద చెడిపోతుంది.

షేడర్‌లో ఉన్న గొప్ప సౌకర్యం ఏమిటంటే ఏ విలువనైనా రంగుగా మార్చి చూడొచ్చు. ప్రింట్ చేయలేమని బాధపడక్కర్లేదు. చివరి లైను తీసేసి, నార్మల్‌ను సగం చేసి 0.5 కలిపి రంగుగా పంపండి. పైకి చూసే నేల లేత ఆకుపచ్చగా రావాలి, ఎందుకంటే 0, 1, 0 అన్నది 0.5, 1, 0.5 అవుతుంది. వేరే రంగు వస్తే నార్మల్స్ తప్పు. తర్వాత ఫ్రాగ్మెంట్ కొసైన్‌నే బూడిద రంగుగా పంపండి. లైటు కింద తెల్లగా ఉండి చుట్టూ మెల్లగా నల్లబడాలి. నేలంతా నల్లగా ఉంటే వెక్టరు దిశ తిరగబడింది. ఫ్రాగ్మెంట్ నుంచి లైటుకు పోయే వెక్టరును, స్పాట్ దిశకు మైనస్ పెట్టినదానితో డాట్ ప్రొడక్ట్ చేయాలి. ఆ మైనస్ మరిచిపోతే నేలకు వచ్చే విలువలన్నీ రుణమే. తెల్లటి మచ్చ వచ్చింది గానీ ఉండాల్సిన చోట లేదంటే, ఒకటి వరల్డ్ కో-ఆర్డినేట్లలో, ఇంకొకటి కెమెరా కో-ఆర్డినేట్లలో ఉన్నాయని అర్థం. మీరు అన్నీ వరల్డ్‌లోనే చేస్తున్నారు, అలాగే ఉంచండి. నేర్చుకునేటప్పుడు అదే తేలిక.

అన్నీ సరిగ్గా రాసినా చీకటే వస్తే యూనిఫామ్ (మీ ప్రోగ్రామ్ నుంచి షేడర్‌కు పంపే విలువ) పేర్లు చూడండి. షేడర్‌లో ఒక పేరు, సీ ప్లస్ ప్లస్‌లో ఒక అక్షరం తేడాతో ఇంకో పేరు ఉంటే యూనిఫామ్ లొకేషన్ మైనస్ 1 వస్తుంది. ఆ మైనస్ 1కు విలువ పంపితే ఓపెన్‌జీఎల్ ఎర్రర్ కూడా ఇవ్వకుండా ఊరుకుంటుంది. విలువ పంపేముందు ఆ ప్రోగ్రామ్‌ను యూజ్ ప్రోగ్రామ్‌తో ఎంచుకోకపోయినా మీ విలువ అందదు. స్పాట్ దిశ అందకపోతే అది 0, 0, 0 గా మిగిలిపోతుంది. సున్నా వెక్టరును నార్మలైజ్ చేస్తే వచ్చేది సంఖ్యే కాదు, దానితో చేసే ఏ పోలికనూ నమ్మడానికి లేదు. లొకేషన్లన్నీ ఒకసారి ప్రింట్ చేయండి, మైనస్ 1 ఉన్నది బయటపడుతుంది. షేడర్‌లో ప్రకటించి ఎక్కడా వాడని యూనిఫామ్‌కు కూడా మైనస్ 1 వస్తుంది, దానికి కంగారు పడకండి.

దూరంతో వెలుగు తగ్గించే గుణకాలు (స్థిరమైనది, దూరానికి, దూరం వర్గానికి) మీరు 1, 0.09, 0.032 పెట్టారు. చాలా పాఠాల్లో కనిపించే అంకెలే, సుమారు 50 యూనిట్ల పరిధికి సరిపోతాయి. 10 యూనిట్ల దూరంలో వెలుగు అయిదో వంతుకు పడిపోతుంది, 50 దగ్గర నూటికి ఒక వంతు మిగులుతుంది. మీ గదికి ఇది బాగానే ఉంటుంది. రేపు బయటి నుంచి ఒక మోడల్ తెచ్చుకుంటే, దానిలో కొలతలు సెంటీమీటర్లలో ఉండి గది వెడల్పు 500 ఉంటే, ఈ గుణకాలతో ఏ లైటు పెట్టినా నేల దాకా రాదు. కోన్ సరిగ్గా ఉందో లేదో తేలేవరకు గుణకాలను 1, 0, 0 చేసి ఉంచండి.

చివరగా టేబుల్ నీడ. అది మీ తప్పు కాదు. పాత పద్ధతిలోనూ, మీరు రాసిన షేడర్‌లోనూ ప్రతి బిందువూ తనకూ లైటుకూ మధ్య కోణం, దూరం మాత్రమే చూసుకుంటుంది. దారిలో టేబుల్ అడ్డముందని దానికి తెలియదు, వెలుగు టేబుల్ గుండా నేల మీదికి వస్తుంది. నీడ కావాలంటే 1978లో లాన్స్ విలియమ్స్ చూపించిన షాడో మ్యాప్ దారి ఉంది. ముందు లైటు ఉన్నచోట కెమెరా పెట్టి గదిని గీసి, ఏ వైపు ఎంత దూరంలో మొదటి వస్తువు తగులుతోందో ఒక టెక్స్చర్‌లో (గ్రాఫిక్స్ కార్డు దగ్గర ఉండే బొమ్మలో) దాచుకుంటారు. తర్వాత మామూలు కెమెరాతో గీసేటప్పుడు, ఈ ఫ్రాగ్మెంట్ అంతకంటే దూరంగా ఉంటే నీడలో ఉన్నట్టు. స్పాట్‌లైట్‌కు ఇది బాగా కుదురుతుంది, ఎందుకంటే దాని కోన్ ఒక పర్‌స్పెక్టివ్ కెమెరాలో పూర్తిగా ఇమిడిపోతుంది. కెమెరాకు ఇవ్వాల్సింది మొత్తం కోణం, మీ దగ్గర ఉన్నది సగం కోణం. బయటి కోణం 17.5 అయితే కనీసం 35 ఇవ్వాలి, అంచుల దగ్గర తెగకుండా ఒకట్రెండు డిగ్రీలు ఎక్కువే ఇవ్వండి.

మీ గదికి మాత్రమే వచ్చే చిక్కు ఒకటుంది. మీ లైటు నిట్టనిలువుగా కిందికి చూస్తోంది. లుక్‌యాట్‌కు పై దిశగా అలవాటు కొద్దీ 0, 1, 0 ఇస్తారు. చూసే దిశ, పై దిశ ఒకే గీత మీద ఉంటే వాటి క్రాస్ ప్రొడక్ట్ సున్నా, మ్యాట్రిక్స్ అంతా చెడిపోతుంది, షాడో మ్యాప్ ఖాళీగా వస్తుంది. ఆ ఒక్క లైటుకు పై దిశ 0, 0, మైనస్ 1 ఇవ్వండి. ముందు గుండ్రటి వెలుగు నేల మీద సరిగ్గా పడనివ్వండి, నీడ పని ఆ తర్వాత మొదలుపెట్టండి. అప్పటికీ రాకపోతే 180 పరీక్షలో ఏం కనిపించిందో, కొసైన్‌ను బూడిద రంగుగా చూసినప్పుడు ఏం వచ్చిందో ఆ రెండు స్క్రీన్‌షాట్లు పంపండి.